ఇటుక కాపడం

నా కాళ్ళ గురించి అడిగినవాళ్ళకి నేను మనిషిని బట్టి జవాబు చెబుతాను. బస్సులో పక్క సీటు ఆవిడ అడిగితే చిన్నప్పుడు కాలాయని చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తాను. చెప్పుల కొట్టతను అడిగితే, నీకెందుకు నాయనా, కుడికాలికొక సైజు ఎడమకాలికొక సైజు ఇస్తావా ఇవ్వవా అని ఎదురు అడుగుతాను. కాస్త కావలసినవాళ్ళయితే కాన్పులో అయిందని నిజం చెబుతాను. కాన్పులో కాళ్ళు కాలడమేమిటని వాళ్ళు నోరు తెరుస్తారు. ఆ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, ఎవరి తప్పని. దానికి నిలబడి చెప్పే జవాబు లేదు, పైగా నేను ఎక్కువసేపు నిలబడలేను.

మాది గుంటూరు జిల్లా చివర, ప్రకాశానికి ఆనుకున్న ఊరు. నల్లరేగడి నేల, పత్తీ మిరపా తప్ప వేరే ముచ్చట లేని ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పత్తి తీతల కాలంలో నాకు తొలి కాన్పు వచ్చింది. తొలి కాన్పు పుట్టింటివాళ్ళది. ఏ కాగితం మీదా లేకపోయినా మా వైపు దీన్ని మించిన చట్టం లేదు. నెలలు నిండేముందు పిల్లని పుట్టింటికి పంపిస్తారు. తల్లీబిడ్డా అత్తవారింటికి తిరిగొచ్చేదాకా మంచి జరిగినా చెడు జరిగినా పూచీ పుట్టింటివాళ్ళదే. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అందుకని ఆ పూచీ అంతా మా అమ్మ ఒక్కదాని నెత్తిన పడింది.

అమ్మ మంత్రసాని కాదు. కానీ ఊళ్ళో ఏ ఇంట కాన్పయినా మంత్రసాని వెళ్ళాక మా అమ్మకి కబురొచ్చేది. నడుముకి, పొత్తికడుపుకి, చల్లబడిన కాళ్ళకి కాపడం పెట్టడానికి ఆమె పెట్టింది పేరు. బాగా కాలిన పాత ఇటుక ఏరుకునేది. దాన్ని నిప్పుల మీద వేడి చేసి, కాసిని నీళ్ళు చిలకరించి, పాత పంచెని మడతలు వేసి చుట్టి, పెట్టాల్సిన చోట పెట్టేది. మిరపకాయల తొడిమలు తీసి తీసి, పొయ్యిలో కట్టెలు ఎగదోసి ఎగదోసి ఆమె చేతులు మొద్దుబారిపోయాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అందుకే వేడి విషయంలో తన చేతిని ఎప్పుడూ నమ్మేది కాదు. పడుకున్న మనిషినే అడిగేది. ‘కాలతందా?’ అని అడగడం, అవునంటే తీసెయ్యడం, లేదంటే ఉంచడం. ఆమె విద్య అంతా ఆ ఒక్క ప్రశ్న మీద నడిచేది. ఊళ్ళో ఒక్క బాలింతకీ బొబ్బ లేవలేదని ఆమెకి కొంచెం గర్వం కూడా ఉండేది.

నాకు నొప్పులు మొదలైన రోజు తుపాను పట్టింది. తెల్లవారిందో లేదో తెలియని ముసురు. మంత్రసాని వచ్చి కడుపు మీద చెయ్యి వేసి, బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, తీసుకుపొండని చెప్పేసింది. ఆటోకి చుట్టూ గోనెపట్టాలు కట్టి నన్ను టౌనుకి తీసుకెళ్ళారు. అది ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం అందరం అక్కడికే వెళ్ళేవాళ్ళం. డాక్టరుగారు చూడగానే అమ్మ మీద కేకలేశారు. ఇంతసేపు ఏం చేస్తున్నారు, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదన్నారు. అమ్మ ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేసింది. మా ఆయన ఇంకా దారిలోనే ఉన్నాడు.

మత్తు ఇచ్చే డాక్టరు వేరే. టౌనులో ఉన్న ఆసుపత్రులన్నిటికీ ఆయనొక్కరే. స్కూటరు మీద తడుస్తూ వచ్చారు, నన్ను ముడుచుకుని పడుకోమన్నారు, వెన్నులో సూది వేశారు. ‘ఇక నీకు నొప్పి తెలియదమ్మా’ అన్నారు. బయట తలుపు దగ్గర నిలబడ్డ అమ్మకి కూడా ఆ మాటే చెప్పి ధైర్యం చెప్పారట. నిజంగానే నొప్పి తెలియలేదు. కడుపు కోస్తుంటే ఎవరో నా పక్కన బట్టలు సర్దుతున్నట్టు ఉంది, అంతే. పాప ఏడుపు విన్నాను. నేనూ ఏడ్చాను. ఆ ఒక్క ఏడుపు మాత్రం సంతోషంతోనే.

నన్ను గదిలోకి మార్చేసరికి మత్తు డాక్టరుగారు ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోయారు. గదిలో కరెంటు లేదు. కిటికీకి అద్దం స్థానంలో అట్టముక్క ఉంది, అందులోంచి ఈదురుగాలి. నాకు వణుకు పట్టుకుంది. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి, మంచం కూడా ఊగుతోంది. కప్పడానికి ఒక పల్చటి దుప్పటి తప్ప ఏమీ లేదు. అమ్మ నా పాదాలు పట్టుకుని చూసి హడలిపోయింది. చచ్చిన మనిషి కాళ్ళు ఎలా ఉంటాయో మా నాన్నప్పుడు చూసిందిగా. పరుగెత్తుకెళ్ళి నర్సుని పిలుచుకొచ్చింది. నర్సు నాకంటే చిన్నది, కొత్తగా చేరినట్టుంది. నన్ను చూసి, ‘ఆపరేషనయ్యాక వణుకు మామూలేనండీ. కాళ్ళు వెచ్చగా ఉంచండి, సరిపోద్ది’ అని వెళ్ళిపోయింది.

వెచ్చగా ఉంచమంటే మా అమ్మకి తెలిసిన పని ఒక్కటే.

ఆసుపత్రి పెరట్లో రేకుల పంచ కింద రెండు పొయ్యిలుండేవి. పేషెంట్లతో వచ్చినవాళ్ళు అక్కడే జావ కాచుకునేవాళ్ళు, నీళ్ళు కాచుకునేవాళ్ళు. ఆ పొయ్యిల పక్కనే నల్లగా మసిపట్టిన ఇటుకలు ఉండేవి. అవి మా ఇంటి నుంచి తెచ్చినవి కావు. అంతకుముందు అక్కడ కాన్పులు చేయించుకున్న వాళ్ళ తల్లులు, అత్తలు కాచి కాచి వదిలేసినవి. డాక్టరుగారి కారు రోజూ ఆ పంచ పక్కనే ఆగేది. ఆ ఇటుకలు దేనికో ఆయనకి తెలియదనుకోవడం నాకు కష్టంగానే ఉంటుంది. అయితే ఆ తల్లులు కాపడం పెట్టింది మర్నాడో మూడోనాడో. సూది వేసిన పూటే ఎవరూ పెట్టి ఉండరు. అంత వణుకు ఎవరికీ పట్టి ఉండదు, అంత ముసురూ పట్టి ఉండదు.

అమ్మ రెండు ఇటుకలు కాచి తెచ్చింది. తన పాత చీర చింపి చుట్టింది. నా రెండు పాదాల కింద చెరొకటి ఆనించి, పైన దుప్పటి కప్పింది.

‘కాలతందా అమ్మాయ్?’

‘లేదు.’

‘వెచ్చగా ఉందా?’

‘ఏం తెలియట్లా. చలేస్తంది అమ్మా.’

ఆ మాట నేనే అన్నాను. నాకు బాగా గుర్తు. అమ్మ ఇటుకలు తీసి మళ్ళీ కాచుకొచ్చింది. ఈసారి మడతలు తగ్గించింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను. లేదంటే ఉంచాలి కదా. నా నోరు చెప్పినదాన్ని బట్టి నా కాళ్ళకి వేడి పెట్టింది. నడుము కింద నేను లేనని నా నోటికి తెలియదు, ఆమె చేతులకీ తెలియదు.

మధ్యలో నర్సు వచ్చింది. మూత్రం సంచీ చూడటానికి దుప్పటి కాళ్ళవైపు నుంచి ఎత్తింది. ఇటుకలు చూసింది. ఇది నేను కల కనలేదు, ఊహించుకోలేదు, తల పక్కకి తిప్పి చూస్తూనే ఉన్నాను. ‘మంచం తడవనియ్యబాకండి, పరుపు ఆరదు’ అంది. దుప్పటి దించి వెళ్ళిపోయింది. అమ్మ తన కొంగు మడిచి ఇటుకల కింద వేసింది, పరుపు తడవకుండా. వణుకు తగ్గి నాకు మగతగా పట్టాక, పాపని చూడటానికి పక్క గదిలోకి వెళ్ళింది.

సాయంత్రానికి నాకు మొదట తొడల్లో తిమ్మిరి వచ్చింది. తరవాత మోకాళ్ళు నావయ్యాయి. ఆ తరవాత పాదాలు వచ్చాయి. అవి వచ్చిన తీరు నేను వర్ణించను. నా కేకకి ఆసుపత్రంతా పరుగెత్తుకొచ్చిందని మాత్రం చెప్పగలను. నర్సు గుడ్డ లాగితే గుడ్డతోపాటు చర్మం వచ్చింది. అమ్మ ఆ గుడ్డని చేతుల్లోకి తీసుకుని చూసింది. డాక్టరుగారు వచ్చి చూసి, ఆమెని గోడవైపుకి తోసినంత పని చేశారు. ‘బుద్ధుందా నీకు? నిన్నెవరు పెట్టమన్నారు? మత్తులో ఉన్న మనిషికి నిప్పులు పెడతారా?’ అని అరిచారు.

అమ్మ ఆ మాట పట్టుకుంది. ‘మత్తులో ఉన్న మనిషి’ అనే మాట. నాకు డ్రెస్సింగ్ చేస్తుంటే మూలన నిలబడి తనలో తనే, మత్తంటే నొప్పి తెలియకపోవడమేగా, అనుకుంటూ ఉంది.

కోపమొస్తే అరికాలి మంట నెత్తికెక్కింది అంటారు మా వైపు. ఆ మాట వినడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు. అది ఎక్కడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మర్నాటికి మా ఆయన, మామగారు దిగారు. గుంటూరు తీసుకుపోదామా వద్దా అనే మాట రాకముందే తప్పెవరిది అనే మాట వచ్చింది. ఆసుపత్రివాళ్ళది అయితే మామగారు పదిమందిని తెచ్చి గేటు ముందు కూర్చోబెట్టేవారు. మా అమ్మది అయితే పుట్టింటికి పంపడమే తప్పయిపోయిందని నలుగురికీ చెప్పుకునేవారు. రెంటిలో ఏదైనా ఆయనకి ఫరవాలేదు గానీ, మొదటిదే మేలనుకున్నారు. నా మంచం పక్కనే కూర్చుని అమ్మతో అన్నారు.

‘చెల్లెమ్మా, నర్సు పెట్టమంది, పెట్టానని చెప్పు. ఒక్క ముక్క. మిగతాది నేను చూసుకుంటా.’

‘ఆ పిల్ల పెట్టమనలేదు అన్నయ్యగారూ.’

‘వెచ్చగా ఉంచమంది గదా?’

‘అంది.’

‘అదీ ఇదీ ఒకటే. నువ్వు నోరు జారబాక.’

అమ్మ నా గిన్నెలోని జావ చల్లారబోస్తూ కూర్చుంది.

ఇంకో రెండు రోజులు గడిచాక పెద్దమనుషులు కూర్చున్నారు. ఈ రెండు రోజులూ నా పాదాలు డాక్టరుగారి డ్రెస్సింగుల్లోనే ఉన్నాయి. మడమ నల్లబడుతోంది. వేళ్ళు కూడా. వాళ్ళు నా కాళ్ళ సంగతి తేల్చుకునేదాకా నా కాళ్ళు ఆగలేదు. ఇది కూడా ఎవరో ఒకరి తప్పే అయ్యుండాలి, కానీ దాని గురించి ఎవరూ కూర్చోలేదు.

డాక్టరుగారి గదీ నా గదీ ఎదురెదురు. తలుపులు తీసే ఉన్నాయి. అటువైపు డాక్టరుగారు, మా మామగారు, మా ఆయన, మధ్యవర్తిగా బజారులో పురుగుమందుల కొట్టు పెట్టుకున్న పెద్దమనిషి. ఆయనకి మా ఊళ్ళో సగంమంది రైతులు ఖాతాదారులు, డాక్టరుగారు స్నేహితుడు. ఇద్దరికీ కావలసినవాడు కాబట్టి న్యాయం చెబుతాడని అందరూ అనుకున్నారు. నర్సు గుమ్మం దగ్గర నిలబడింది. అమ్మ కింద కూర్చుంది. ఆమె వీపు నాకు కనబడుతోంది.

పెద్దమనిషి మొదట నర్సుని అడిగాడు. ‘నువ్వేమన్నా చూశావా అమ్మాయ్, ఇటుకలు పెట్టడం?’

‘లేదండీ. నేను చూడలేదు.’

నాకు ఒళ్ళు మండిపోయింది. పడుకున్న చోటి నుంచే గట్టిగా అరిచాను. ‘చూసింది! దుప్పటి ఎత్తి చూసింది! మంచం తడవనియ్యొద్దని చెప్పింది!’

అందరూ ఇటు తిరిగారు. నర్సు తల వంచుకుంది. మా ఆయన లేచి వస్తాడేమో, నిజమేనా అని అడుగుతాడేమోనని చూశాను. పెద్దమనిషే గొంతు తగ్గించి, ‘పచ్చి బాలింత. పైగా ఆ పూట మత్తులో ఉంది. మత్తులో మనకెన్నో కనబడతాయి’ అన్నాడు. డాక్టరుగారు ఔననలేదు, కాదనలేదు. మత్తు నడుము కిందికే ఇచ్చారని, నా కళ్ళకీ నోటికీ ఇవ్వలేదని అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. ఎవరో లేచి నా గది తలుపు దగ్గరికి వేశారు. పూర్తిగా పడలేదు, మాటలు వినబడుతూనే ఉన్నాయి.

‘నువ్వు చెప్పమ్మా. ఎవరు పెట్టమంటే పెట్టావు?’

అమ్మ గొంతు ఎప్పుడూ పెద్దదే. పొలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వినబడే గొంతు. ఆ రోజు కూడా అలాగే చెప్పింది.

‘నర్సమ్మ కాళ్ళు వెచ్చగా ఉంచమంది. ఇటుకలు పెట్టమని ఎవరూ చెప్పలా. నాకు తెలిసిన పనే గదా అని నేనే కాచి తెచ్చా, నేనే పెట్టా. రెండోసారి మడతలు కూడా తగ్గించా. నా బిడ్డ కాళ్ళు నా చేతులతోనే కాలినయ్.’

ఆ తరవాత ఆగిపోయింది. చాలాసేపు అటువైపు ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. చివరికి పెద్దమనిషి గొంతు సవరించుకుని, ‘విన్నారుగా’ అన్నాడు. కుర్చీలు జరిగిన చప్పుడు. డాక్టరుగారు పెద్దమనసుతో డ్రెస్సింగులకి ఏమీ తీసుకోనన్నారు. మామగారు బయటికి వస్తూ, ‘నోట్లో పెట్టిన మాట కూడా చెప్పలేని మనిషితో వియ్యమందుకున్నాం’ అని వరండా అంతా వినబడేలా అన్నారు.

నన్ను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడివాళ్ళు ఎందుకింత ఆలస్యం చేశారని అడిగారు, జవాబు కోసం ఆగకుండా పని మొదలుపెట్టారు. ఎడమకాలికి రెండు వేళ్ళు తీసేశారు. కుడి మడమకి తొడ మీది చర్మం తీసి అతికించారు. అతికింది గానీ అది మడమ కాదు. దాని మీద బరువు మోపితే ఇప్పటికీ పగులుతుంది. పాలు పట్టడానికి అమ్మ పాపని నా రొమ్ము దగ్గర పెట్టి పట్టుకునేది. లేచి పిల్లని ఎత్తుకోవడం అనేది నాకు ఆ వేసవి అంతా లేదు. చివరికి పిల్లా నేనూ ఒకే కాలంలో గోడ పట్టుకుని నడక నేర్చుకున్నాం. మా ఆడపడుచు ఆ మాట నవ్వుతూ అందరికీ చెప్పేది. నాకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఆ నెలల్లో నేను అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. ఇటుకలు పెట్టినందుకు కాదు. నిజంగా కాదు. ఒప్పుకున్నందుకు. ‘ఎందుకు చెప్పావు? నర్సు అబద్ధం చెప్పింది, డాక్టరు నోరు మూసుకున్నాడు, నీకొక్కదానికే ఎందుకంత సత్యం పుట్టుకొచ్చింది?’ అని పోట్లాడేదాన్ని. ‘జరిగింది చెప్పా’ అనేది. అంతకుమించి ఒక్క ముక్క అనేది కాదు. మా ఆయన వారానికోసారి వచ్చి, నేను నర్సు సంగతి ఎత్తితే, ‘మీ అమ్మే ఒప్పుకుందిగా’ అని నా నోరు మూయించేవాడు. ప్రపంచంలో ఏ ప్రశ్న వేసినా ఆ జవాబు సరిపోయేది. మడమ ఎందుకు మానలేదు? మీ అమ్మే ఒప్పుకుందిగా. గుంటూరు ముందే ఎందుకు తీసుకెళ్ళలేదు? మీ అమ్మే ఒప్పుకుందిగా.

నేను మాత్రం పడుకుని అందరినీ వరసలో నిలబెట్టేదాన్ని. సూది వేసి, నొప్పి తెలియదని మాత్రం చెప్పి స్కూటరెక్కిన ఆయన్ని. కాలినా తెలియదని ఇంకొక్క మాట అని ఉంటే ఎంతసేపు పట్టేది? చూసి కూడా పరుపు గురించి బాధపడిన పిల్లని. కిటికీకి అద్దం, కప్పుకోవడానికి ఒక కంబళీ లేని ఆసుపత్రిని. అమ్మని. చివర్లో నన్ను కూడా నిలబెట్టేదాన్ని, అడిగిన ప్రతిసారీ లేదు లేదు అన్నందుకు. ఒక రోజు నర్సు మీద కోపం ఎక్కువుండేది, ఒక రోజు డాక్టరు మీద. నర్సుకి ఆ ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదేమో అని కూడా తోచేది. తోచినందుకు ఇంకా ఒళ్ళు మండేది, నా గురించి అలా ఎవరికీ తోచలేదు కదా అని.

అమ్మ కాపడాలు మానేసింది. కబురు పెట్టినవాళ్ళకి ఒంట్లో బాగోలేదని చెప్పి పంపేసేది. నాకు స్నానం పోసేటప్పుడు ఇదివరకు ప్రతి చెంబుకీ ‘వేడి చాలా?’ అని అడిగే మనిషి, ఇప్పుడు అడగడం మానేసింది. అడగకుండా ఉండటానికి నీళ్ళలో చల్లనీళ్ళు కలిపేసేది. శీతాకాలంలో కూడా ఆమె నాకు గోరువెచ్చని నీళ్ళే పోసింది. ఇంకా కాస్త వేడి కావాలని నేనూ అడగలేదు.

పాపకి ఏడాది నిండబోతుండగా జ్వరం వచ్చింది, తగ్గలేదు. చుట్టుపక్కల పిల్లలకి కూడా ఆ డాక్టరుగారే దిక్కు. నాకు ఆ గుమ్మం తొక్కడం ఇష్టం లేదు. జ్వరానికి మన ఇష్టాలతో పనేముంది? నేనూ అమ్మా పాపని తీసుకుని వెళ్ళాం. ముందుగదిలో బెంచీ మీద కూర్చున్నాం. ఎదురు గోడ మీద, క్యాలెండరు ఉండే చోట, కొత్తగా రంగు వేసిన రేకు బోర్డు ఉంది. తెల్లటి రంగు మీద ఎర్ర అక్షరాలు. నేను చదివి తల తిప్పేసుకున్నాను.

‘ఏం రాశారే?’ అని అడిగింది అమ్మ. ఆమెకి చదువు రాదు.

చెప్పకుండా ఉండాలనుకున్నాను. ఫీజుల సంగతని చెప్పొచ్చు. కానీ నాలో ఉన్న కోపం చెప్పమంది. చదివాను. ‘ఆపరేషన్ అయిన పేషెంట్లకి బంధువులు కాపడములు, వేడినీళ్ళ సీసాలు పెట్టరాదు. మత్తు ఉన్నప్పుడు కాలినా తెలియదు.’

‘మళ్ళీ చదువు.’

మళ్ళీ చదివాను. చివరి మాట దగ్గర ఆమె పెదవులు కూడా కదిలాయి.

లోపలికి పిలిచారు. డాక్టరుగారు నన్ను గుర్తుపట్టారు, నా కాళ్ళవైపు చూడకుండా జాగ్రత్తపడ్డారు. పాప ఛాతీ చూశారు, గొంతు చూశారు, భయం లేదన్నారు. చీటీ రాయబోతుండగా అమ్మ అడిగింది.

‘బయట బోర్డు రాయించారు గదా బాబుగారూ. ఆ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?’

‘ఏ సంగతమ్మా?’

‘మత్తున్నప్పుడు కాలినా తెలియదని.’

ఆయన కలం ఆగింది. ‘అది మా చదువులో ఉండేదే అమ్మా. ఎవరికైనా తెలుసు.’

‘నాకు తెలియదు బాబూ. నా బిడ్డ తెలియట్లేదంటే చల్లగా ఉందనుకున్నా. ఆ మాట ఒకళ్ళు చెప్పి ఉంటే ఆ ఇటుకల్ని ముట్టుకునేదాన్నా?’

‘మీరు ఇటుకలు కాచి పెడతారని మేమనుకుంటామా చెప్పండి?’

‘మీ పెరట్లోనేగా కాచింది.’ అమ్మ గొంతు పెంచలేదు. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ‘దానికి రాలేదులే నేను. ఆ రోజు ఇక్కడే కూచున్నాం. మా ఊళ్ళో పంచాయితీకి కూచుంటే ఎవరిది వాళ్ళు చెప్తారు బాబూ. గేదె చేలో పడి మేసిందంటే, గేదెగలాయన ముందు లేచి నా గేదే అంటాడు. అప్పుడు చేనుగలాయన, నేను చేను చుట్టూ ముళ్ళకంప వెయ్యలేదు, అదీ నిజమే అంటాడు. ఆ తరవాతే పెద్దమనుషులు తేలుస్తారు. నా గేదే అని నేను చెప్పా. చెప్పి, మీరు చెప్తారని చూస్తా కూచున్నా. నర్సమ్మ చెప్పుద్దేమోనని చూశా. చాలాసేపు చూశా. మీరు లేచి వెళ్ళిపోయారు.’

నేను బరువంతా ఎడమకాలి మీద వేసి, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏడాదిపాటు నేను ఆమెని తిట్టిన తిట్లన్నీ ఆ తలుపు దగ్గర నాకు తగిలాయి. ఆమె తప్పంతా నెత్తిన వేసుకోలేదు. తన వాటా తను చెప్పి, మిగతావాళ్ళ వాటాల కోసం కింద కూర్చుని ఎదురుచూసింది. ఆ ఫ్యాను చప్పుడు అంతసేపు వినబడింది అందుకే. ఎదురుగా ఉన్నవాళ్ళు అలాంటి మనుషులు కారని, అది అలాంటి కూర్చోవడం కాదని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏదో అంటారనిపించింది. నిజంగా అనిపించింది. నర్సుని పిలుస్తారేమో, కనీసం నా కాళ్ళవైపు చూస్తారేమో అనుకున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చీటీ పూర్తిచేశారు.

‘జరిగిపోయినవి ఇప్పుడెందుకమ్మా. పాపకి ఈ మందు భోజనం తరవాత పట్టండి.’

అమ్మ పాపని బల్ల మీద నుంచి తీసి భుజాన వేసుకుంది. చీటీ అందుకుంది.

‘ఇప్పుడు కూడా చెప్పరన్నమాట’ అంది.

ఆయన తరవాతి పేషెంటు కోసం గంట కొట్టారు.